ఇంటి కార్ఖానాలో ఏమి ధరించవలెను?

రక్షణ దుస్తులు అనగానే మనకు నిండుగా కప్పుకొనుట స్ఫురించును. చలికి కంబళి, వానకు గొంగడి, యుద్ధమునకు కవచము. ఎంత కప్పిన అంత క్షేమమని మన అనుభవము. యంత్రముల యొద్ద ఈ అనుభవము సగము మాత్రమే పనికివచ్చును. వెల్డింగు చేయువానిని కాపాడు తోలు చేతితొడుగే లేతు ముందు నిలిచినవానికి ముప్పు తెచ్చును. కావున ముందుగా అడుగవలసినది ‘ఏమి కొనవలెను?’ అని కాదు, ‘ఏ యంత్రము ముందు నిలువబోవుచున్నాము?’ అని.

బాలానగరులోను, విజయవాడ ఆటోనగరులోను పని నేర్చి, తరువాత ఇంటి వరండాలోనో పెరటి రేకుల షెడ్డులోనో పాత లేతు, డ్రిల్లింగు మిషను, గ్రైండరు పెట్టుకొని సొంతముగా బ్రతుకు సాగించువారు కలరు. మన విద్యార్థులలో కొందరు ఉదయము తరగతిలో కూర్చుండి, సాయంత్రము తండ్రికో మేనమామకో అట్టి చోట చేయందించువారే. తెలుగు పాఠము చెప్పువారికి లేతుతో నేమి పని యని ఎవరైన అడిగినచో, వ్యాసముల నోటుపుస్తకములపై కనిపించు గ్రీజు మరకలే మా జవాబు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 22వ సెక్షనులో, నడుచుచున్న యంత్రమును పరీక్షించుట, దానికి నూనె వేయుట వంటి పనులను శిక్షణ పొందిన కార్మికుడు బిగుతైన దుస్తులు ధరించియే చేయవలెననియు, ఆ దుస్తులను యాజమాన్యమే ఇవ్వవలెననియు విధించినది. ఇద్దరు ముగ్గురు పనిచేయు ఇంటి షెడ్డునకు ఇన్‌స్పెక్టరు రాడు. అచ్చట యజమానియు కార్మికుడును ఒక్కడే.

చట్టము ‘దళసరి’ అనక ‘బిగుతైన’ అనుటలో లెక్క యున్నది. నిముషమునకు 600 చుట్లు తిరుగు లేతులో 50 మిల్లీమీటర్ల వ్యాసము గల కడ్డీని బిగించితిమనుకొందము. దాని చుట్టుకొలత సుమారు 157 మిల్లీమీటర్లు. సెకనుకు 10 చుట్లు. అనగా చొక్కాచేతి అంచు చిక్కినచో సెకనుకు ఒకటిన్నర మీటరుకు పైగా గుడ్డను ఆ కడ్డీ చుట్టుకొనును. ప్రమాదము తెలిసి మన చేయి స్విచ్చిని చేరుటకు అర సెకను పట్టినదనుకొన్నను, ఆ లోపల 78 సెంటీమీటర్లు చుట్టుకొనును. మణికట్టు నుండి భుజము వరకు గల దూరము అంతకంటె తక్కువ. పైగా స్విచ్చి కట్టిన తరువాత కూడ బరువైన చక్ కొంతసేపు తిరుగుచునే యుండును.

అందుచేత లేతు, డ్రిల్లింగు మిషనుల ముందు రక్షణ అనగా ధరించుట కంటె తీసివేయుటయే ఎక్కువ. వదులు కుర్తా, లుంగీ, భుజముపై తువ్వాలు, మెడలోని మఫ్లరు పనికిరావు. ఉంగరము, గడియారము, మెడలోని తాయెత్తు, చేతికి కట్టిన ఇమామ్ జామిన్ సైతము పని ముగియువరకు పెట్టెలో నుండవలెను; భక్తికి దానివలన లోపము లేదు. తలపై ముసుగు ధరించు విద్యార్థినులు దాని కొసలను కోటు లోనికి దోపి పిన్ను పెట్టుకొనవలెను. జడను ముడిచి టోపీ క్రిందకు చేర్చవలెను. పొడుగు గడ్డము గలవారికిని ఇదే నియమము. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 2011లో ఒక విద్యార్థిని రాత్రివేళ ఒంటరిగా లేతుపై పని చేయుచుండగా జుట్టు చిక్కుకొని ప్రాణము కోల్పోయెను. పుస్తకజ్ఞానమునకు కొదువలేని చోటనే ఇట్లు జరిగినది. కర్ణుని సహజకవచమువలె ఒంటిని అంటియుండునదే ఇచ్చట కవచము. మోచేతి పైకి నిలుచు పొట్టిచేతుల నూలు చొక్కా అందుకు చాలును.

చేతితొడుగు విషయము వేరుగా చెప్పవలసియున్నది. ఇనుప రజను గుచ్చుకొనునని దానిని తొడుగువారు పలువురు. తిరుగుచున్న డ్రిల్లు తొడుగు పోగును పట్టినచో, గట్టి తొడుగు చిరుగక చేతినే లోనికి లాగును. రజను తీయుటకు కొక్కెము, కుంచె వాడవలెను. అదియును యంత్రము ఆగిన తరువాత.

గ్రైండరు కథ వేరు. 100 మిల్లీమీటర్ల చక్రము నిముషమునకు 11,000 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగము దాటును. ఆ వేగముతో వచ్చు రవ్వను ఏ కనురెప్పయు ఆపలేదు. చదువుకొను కళ్లజోడుకు ప్రక్కల అడ్డు లేదు. ప్రక్కలు మూసిన రక్షణ కళ్లజోడు, దానిపై ముఖమును కప్పు పారదర్శకపు తెర ఉండవలెను. బట్ట నూలుదే కావలెను. టెర్రికాటను ఇస్త్రీ నిలుచును గాని, అందలి పాలియెస్టరు సుమారు 260 డిగ్రీల వద్ద కరగి చర్మమునకు అంటుకొనును. నూలు మండవచ్చును గాని కరగదు.

వెల్డింగు నందు మాత్రము నిండుగా కప్పుకొనవలెను: తోలు తొడుగులు, తోలు ఏప్రను, మెడ వరకు గుండీలు పెట్టిన పొడుగుచేతుల చొక్కా, మడతలు లేని ప్యాంటు. మడతలో నిప్పురవ్వ నిలుచును. ఆర్కు వెలుగులోని అతినీలలోహిత కిరణములు కంటిపొరను కాల్చును. నొప్పి కొన్ని గంటల తరువాత, తరచుగా నడిరాత్రి, మొదలగును. సాధారణపు కడ్డీ వెల్డింగునకు 10 లేక 11వ నంబరు నల్లద్దము గల ముఖకవచము వాడుదురు. ఎండ అద్దాలు దానికి బదులు కావు. వాకిట నిలిచి చూచు పసివాండ్రకును ఇదే ప్రమాదము గనుక వారిని లోనికి పంపివేయవలెను, లేదా అడ్డుతెర కట్టవలెను.

కాళ్లకు హవాయి చెప్పులు వలదు. కాలిన రజను పట్టీకిని వేళ్లకును నడుమ దూరినచో మనిషి ఎగిరిపడును; ఎగిరిపడినవాడు పట్టు కొరకు యంత్రము మీదికే చేయి చాచును. ముందు ఉక్కు టోపీ గల తోలు బూట్లకు భారత ప్రమాణము ఐ.ఎస్. 15298, కొనునప్పుడు ఆ గుర్తు చూచుకొనవచ్చును.

చేతిలో కొద్దిపాటి రూకలే యున్నచో మొదట కళ్లజోడు, తరువాత బూట్లు, ఆపైన మిగిలినవి. చొక్కాకు ఖర్చే లేదు. పాత నూలు చొక్కా చేతులను కత్తెరతో కత్తిరించి కుట్టుకొన్న చాలును. నూనె పట్టిన ఆ చొక్కాను రోజుల తరబడి తొడిగినచో చర్మమున దురద, పొక్కులు లేచును గనుక తరచుగా ఉతుకవలెను. ఉతుకుటకు ముందు బయట దులిపి, ఇంటి బట్టలతో కలుపక వేరుగా ఉతుకవలెను. దానిలో మిగిలిన రజను పసిపిల్లల అంగీలలో చేరి గుచ్చుకొనును.