మొగ్గను తుంచాలి, చెట్టును కాదు

"నిప్ ఇట్ ఇన్ ది బడ్" అని ఇంగ్లీషులో ఒక మాట ఉంది. కీడును మొగ్గగా ఉండగానే తుంచివేయమని దాని అర్థం. ఈ మాట అచ్చంగా సరిపోయే జబ్బులు వైద్యంలో కొన్నే ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వాటిలో ఒకటి.

ఈ క్యాన్సర్ రాత్రికి రాత్రి పుట్టదు. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్.పి.వి. అనే వైరస్. ఇది లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం నిలిచిపోయి ముఖద్వారం మీది కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్లు పడుతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఇంకా త్వరగా రావచ్చు. ఇదే మొగ్గ దశ. అప్పుడు నొప్పి ఉండదు, రక్తం కనబడదు. "నాకేమీ బాధ లేదు కదా, పరీక్ష ఎందుకు?" అని మన తల్లులు అడుగుతుంటారు. బాధ లేనప్పుడు చేయించుకుంటేనే ఆ పరీక్షకు ఎక్కువ ప్రయోజనం.

పరీక్ష చాలా సులువు. ముఖద్వారం మీద పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, అద్ది ఒక నిమిషం ఆగుతారు. మార్పు చెందిన చోటు తెల్లగా కనబడుతుంది. హెచ్.పి.వి. పరీక్ష ఇంతకంటే నమ్మకమైనది. మహారాష్ట్రలో అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షకు పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

మార్పు కనబడితే ఆ కాస్త భాగాన్నే గడ్డకట్టించి గానీ, వేడితో గానీ, కత్తిరించి గానీ తీసివేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. గర్భసంచి అలాగే ఉంటుంది.

ఈ సంగతి గట్టిగా చెప్పవలసి వస్తోంది. తెల్లబట్ట అవుతోందనీ, "రేపు క్యాన్సర్ అవుతుందేమో" అనీ భయపడి, ఏ పరీక్షా లేకుండానే గర్భసంచి తీయించుకునేవారు మన ప్రాంతంలో ఎందరో. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. తెల్లబట్టకు తరచు మందులు సరిపోతాయి. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ముందే ఆగిపోతాయి, ఎముకలు బలహీనపడతాయి. ఇది మొగ్గను తుంచడం కాదు, చెట్టును నరకడం.

30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ, హెచ్.ఐ.వి. ఉంటే 25 నుండే, ఈ పరీక్ష చేయించుకోవాలి. 9 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా ఉంది. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు. ముట్లుడిగాక రక్తం కనబడినా, కలయిక తర్వాత కనబడినా వాయిదా వేయక వెంటనే డాక్టరు గారికి చూపించుకోండి. మామూలు పరీక్షకైతే ముట్టు రోజులు కాకుండా మరే రోజైనా రావచ్చు.