తొట్టి లేని గీజరు: లాభములు, జాగ్రత్తలు

హైదరాబాదు పాత ఇండ్లలో రాగి హమామును ఎరుగనివారు అరుదు. అరబ్బీలో హమాం అనగా స్నానశాల. మన వాడుకలో అది నీరు కాచు పాత్రకు పేరైనది. నడుమ గొట్టములో నిప్పు మండును, చుట్టునున్న నీరు కాగును. నేటి తొట్టి గీజరుదియు ఇదే పద్ధతి: నీటిని నిలువచేసి, కాచి, ఆపై వాడుకొనుట. తొట్టి లేని గీజరులో నీరు పారుచుండగనే వేడెక్కును. ఇట్టి గ్యాసు యంత్రమును 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ నిర్మించి, ఐస్‌లాండు వేడినీటి బుగ్గ పేరిట గీజరు అని పిలిచెను. కావున ఆ పేరు మొదట తొట్టి లేని యంత్రమునకే చెందినది.

మా యింట తొట్టి గీజరును మార్చుటకు ముందు కొన్ని లెక్కలు వేసికొంటిమి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడిచేయుటకు సుమారు 4.2 కిలోజౌళ్లు కావలెను. 20 లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు తెచ్చుటకు 1,680 కిలోజౌళ్లు, అనగా దాదాపు అర యూనిట్టు విద్యుత్తు. నీటికి కావలసిన ఈ వేడిని ఏ యంత్రమును తగ్గింపజాలదు. తొట్టి లేనందువలన మిగులునది వేరొకటి: స్నానములు ముగిసిన పిమ్మట తొట్టిలో నిలిచిన నీరు చల్లారుటలో వృథాయగు వేడి. అందరును వరుసగా స్నానము చేసి మీట ఆపివేయు ఇంట ఈ లాభము స్వల్పము. రోజంతయు మీట వేసియుంచు ఇంట అధికము.

రెండవ లెక్క వేగమునకు సంబంధించినది. 3 కిలోవాట్ల విద్యుత్ గీజరు నిమిషమునకు 180 కిలోజౌళ్ల వేడినిచ్చును. దానితో నిమిషమునకు రెండు లీటర్ల నీరు మాత్రమే 20 డిగ్రీలు వేడెక్కును. బకెట్టు నిండుటకు పది నిమిషములు పట్టును. కుళాయిని ఎక్కువగా తిప్పినచో నీరు చల్లబడును. అది యంత్రలోపము కాదు. ఈ గీజరు 13 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనును గనుక 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన లావుగల రాగి తీగ, మంచి ఎర్తింగు తప్పనిసరి.

వంటగ్యాసు గీజరు నిమిషమునకు ఆరు లీటర్ల వరకు కాచును. మండిన వేడిలో నూటికి 80 పాళ్లు నీటికి చేరుననుకొన్నచో, 14.2 కిలోల సిలిండరు సుమారు 300 బకెట్లకు సరిపోవును. కాని ప్రాణములకు సంబంధించిన విషయము ఇక్కడనే ఉన్నది. మూసిన స్నానపు గదిలో మంట మండుకొలది ఆక్సిజన్ తరుగును. అప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుట్టును. అది హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. కట్టెల పొగ కంటికి కనబడి మనిషిని బయటకు తరుమును. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరుగుట, వాంతి, పిదప స్పృహ తప్పుట. లోపల గడియ వేసియున్నందున ఇంటివారికి తెలియదు.

అందుచేత మేము గ్యాసు గీజరును స్నానపు గది వెలుపల, గాలి ధారాళముగా ఆడు వరండా గోడకు బిగింపజేసి, వేడినీటి గొట్టమును మాత్రమే లోపలికి తెచ్చుకొంటిమి. గోడకు రంధ్రము చేయుటకు యజమాని సమ్మతింపని అద్దె ఇంట విద్యుత్ గీజరే మేలు. స్నానపు గదిలో ఎవరైనను పలుకనిచో తలుపు తెరచి, వెంటనే బయటి గాలిలోనికి చేర్చి, గ్యాసు కట్టివేసి, 108కు ఫోను చేయవలెను.

సోదర విద్యార్థులు తమ ఇండ్లలోను, అద్దె గదులలోను గ్యాసు గీజరు ఎక్కడ బిగింపబడినదో ఒకసారి చూడవలెనని మా మనవి. అది స్నానపు గది లోపల ఉన్నచో, వెలుపలికి మార్చునంతవరకు దానిని వెలిగింపకుండుటయే క్షేమము.