చెనిక్కాయ తింటే దద్దుర్లెందుకు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో రాగిసంగటికి చెనిక్కాయల ఊరిబిండి మంచి జోడు. అందరికీ ఇష్టమైన ఆ ఊరిబిండే ఎవరో ఒక పిల్లవాడికి నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు తెప్పించవచ్చు. ఎందుకు?

వాడి శరీరం చెనిక్కాయలోని ప్రొటీన్‌ను శత్రువనుకుంటుంది. ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి, చర్మంలోని మాస్ట్ కణాల మీద కాపలా పెడుతుంది. ఆ ప్రొటీన్ మళ్లీ రాగానే కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సన్నటి రక్తనాళాలు వెడల్పై నీరు బయటికి ఊరుతుంది. చర్మం ఎర్రబడి, ఉబ్బి, దురద పెడుతుంది. ఇది అలర్జీ.

పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడకపోవడం వేరు. అది అరగక కడుపు ఉబ్బరిస్తుంది, దద్దుర్లు రావు.

గోధుమ సంగతి ఇంకా విచిత్రం. సీలియాక్ జబ్బున్న కొందరికి అందులోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల మోచేతులు, మోకాళ్ల మీద దురద పొక్కులు లేస్తాయి. అమెరికా వైద్యుడు డూరింగ్ 1884లోనే ఈ పొక్కులను వర్ణించాడు. గ్లూటెన్‌తో వాటి సంబంధం బయటపడింది మాత్రం 1960ల్లో! రాగుల్లో, బియ్యంలో గ్లూటెన్ లేదు కాబట్టి వీళ్లు సంగటి హాయిగా తినొచ్చు.

అనుమానంతో మీ అంతట మీరే తిండి మానేయకండి, డాక్టరుకు చూపించండి. దద్దుర్లతో పాటు పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.