సెప్టెంబర్ నుంచి వెనక్కి లెక్కపెట్టే పెరడు

అలాస్కాలోని పామర్ అనే చిన్న ఊళ్లో ఏటా జరిగే సంతలో 2012లో ఒక క్యాబేజీని తూచారు. 62 కిలోలు దాటింది! అదే ఊళ్లో ఆరుబయట వేసిన టమాటా మాత్రం చాలాసార్లు ఎర్రబడకముందే చలికి చచ్చిపోతుంది. ఒకే నేల, ఒకే ఎండ. ఎందుకీ తేడా?

పామర్ దాదాపు 61.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆర్థికమాంద్యం రోజుల్లో, 1935లో, మినసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల నుంచి 203 కుటుంబాలను ప్రభుత్వం ఈ మటనుస్కా లోయకు తెచ్చి సేద్యానికి దింపింది. ఇక్కడ మే నెలాఖరు దాకా రాత్రుళ్లు సున్నాకు దిగుతూనే ఉంటాయి. సెప్టెంబర్ మొదటి వారాల్లో మళ్లీ దిగుతాయి. పంటకు మిగిలేది మూడున్నర నెలలు.

పైగా ఆ రోజులన్నీ అన్ని మొక్కలకూ ఒక్కటి కావు. ప్రతి మొక్కకూ ఒక కనీస ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకు దిగితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. బఠాణీకి అది సుమారు 4 డిగ్రీలు, టమాటాకు 10. పామర్‌లో జులై సగటు 14 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంటే బఠాణీ ఖాతాలో రోజుకు 10 డిగ్రీలు జమ అయితే, టమాటా ఖాతాలో నాలుగే. దీనికి తోడు రాత్రి చలి 13 డిగ్రీల కిందికి పోతే టమాటా పూత సరిగా పిందె కట్టదు. ప్లాస్టిక్ గుడారం వేయకుండా టమాటా మీద ఆశ పెట్టుకోవడం దండగ. వంగ, బెండ సంగతి చెప్పనే అక్కర్లేదు. క్యాబేజీ, క్యారెట్, టర్నిప్, బంగాళాదుంప అలా కాదు. పైగా చలి తగిలితే క్యారెట్, క్యాబేజీ కణాల్లో చక్కెర పెరుగుతుంది. కణంలోని నీరు గడ్డకట్టకుండా మొక్క చేసుకునే ఏర్పాటు అది. తినేవాళ్లకు తీపి దక్కుతుంది.

మరి 62 కిలోలు ఎలా? వెలుతురు వల్ల. జూన్ మూడో వారంలో అక్కడ పగలు 19 గంటలు దాటుతుంది. చల్లదనాన్ని ఇష్టపడే ఆకులు అన్ని గంటలూ పిండిపదార్థం తయారు చేస్తూనే ఉంటాయి.

అయితే ఈ పొడవాటి పగలే కొన్ని మొక్కలను తికమక పెడుతుంది. స్పినాచ్ కూర ఆకు వేయడం మానేసి పూతకు వచ్చేస్తుంది. మన ఉల్లి రకాలు పగలు 11, 12 గంటలు ఉంటే చాలు, గడ్డ కట్టడం మొదలుపెడతాయి. అక్కడ వేస్తే నారు దశలోనే ఆ సంకేతం అంది, గోలీకాయంత గడ్డతో సరిపెడతాయి. గోంగూరది ఎదురు కథ: పగలు తగ్గితేనే పూస్తుంది. కాబట్టి వేసవంతా ఆకే ఆకు. కానీ దానికి వేడి కావాలి, విత్తనం మాత్రం చేతికి రాదు.

ప్రణాళికను అందుకే వెనక నుంచి మొదలుపెట్టాలి. సెప్టెంబర్ 5ను ఆఖరి రోజు అనుకోండి. నాటిన 65 రోజులకు కోతకొస్తుందని బ్రకోలీ విత్తనాల పొట్లం మీద ఉంటే, చల్లటి నేల కాబట్టి మరో రెండు వారాలు కలపండి. జూన్ 18 దాటాక నారు నాటితే లాభం లేదు. ఆ నారుకు ఇంట్లో అయిదు వారాలు కావాలి, అంటే మే నడిమికే గింజ ట్రేలో పడాలి. నాటేముందు వారం, పది రోజులు నారును రోజూ కాసేపు బయటపెట్టి చలికి అలవాటు చేయాలి. ఎత్తు మళ్లు కట్టి, పైన ప్లాస్టిక్ షీటు పరిస్తే మట్టి ముందుగా వేడెక్కుతుంది. ఇంకొకటి: నడివేసవి మధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు, 52 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. నీడలు పొడుగ్గా పడతాయి. పందిరెక్కే బఠాణీని పెరటికి ఉత్తరం పక్కనే వేయాలి.

అలాంటి చలిదేశాల్లో ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. గోంగూరను కుండీలో, ఎండ తగిలే కిటికీ దగ్గర పెంచుకోండి. ఉల్లి మాత్రం అక్కడి పొడవు పగటి రకమే కొనండి. ఇంటి నుంచి విత్తనాలు పట్టుకెళ్లాలనుకుంటే ఆ దేశం ఏ ధ్రువపత్రాలు అడుగుతుందో ముందే కనుక్కోండి.