జెర్రిపోతు ఏడాదికి ఎన్నిసార్లు గుడ్లు పెడుతుంది? ఎలుకల బెడద ఉన్న రైతు తెలుసుకోవాల్సిన లెక్క

దాళ్వా చేను పొట్ట మీదకి వచ్చిందంటే మన గోదావరి డెల్టాలో ఎలుకల గొడవ మొదలవుతుంది. ఈమధ్య రాజమండ్రి చుట్టుపక్కల కుర్రాళ్ళు నన్నొక మాట అడుగుతున్నారు. "విదేశాల్లో పెంపుడు పాములతో ఒకే సీజన్లో రెండుసార్లు గుడ్లు పెట్టిస్తున్నారు కదండీ, మనమూ జెర్రిపోతుల్ని అలా పెంచి చేలో వదిలితే ఎలుకల మందు మానేయొచ్చు కదా?" అని. మంచి ప్రశ్నే. వివరంగా చెప్తాను.

విదేశాల్లో జరిగేది ఏమిటి?

అమెరికాలో కార్న్ స్నేక్ అనే పాముని చాలామంది ఇంట్లో పెంచుతారు. విషం ఉండదు, ఎలుకలు తింటుంది. చలికాలం చల్లగా ఉంచి, తర్వాత జత కట్టిస్తే పది నుంచి ముప్పై దాకా గుడ్లు పెడుతుంది. ఆ వెంటనే బాగా మేపితే కొన్ని పాములు రెండు నెలల్లో రెండో కాపు పెడతాయి. మళ్ళీ మగపాము కూడా అక్కర్లేదు, మొదటి జతలో అందిన వీర్యాన్ని ఆడపాము ఒంట్లో దాచుకోగలదు.

అయితే రెండో కాపులో గుడ్ల సంఖ్య తగ్గుతుంది. తాలు గింజల్లాగ పిల్ల కట్టని గుడ్లు ఎక్కువ వస్తాయి. తల్లి చిక్కిపోతుంది, గుడ్డు అడ్డం పడి చనిపోవచ్చు కూడా. అందుకే తెలిసిన పెంపకందార్లు దానికోసం ఆత్రపడరు. బాల్ పైథాన్ అయితే మామూలుగా ఏడాదికి ఒక్క కాపే. ఒంట్లో సత్తువ లేకపోతే ఆ ఏడాది మానేస్తుంది.

మన దగ్గర పెంచొచ్చా?

కుదరదండి. జెర్రిపోతు, నాగుపాము, నీటిపాము అన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టినా, పెంచినా, చంపినా నేరమే.

అసలు లెక్క ఇదీ

జెర్రిపోతు సాధారణంగా ఒక కాపులో పది పన్నెండు గుడ్లు పెడుతుంది. అవి పిల్లలు కావడానికి దాదాపు రెండు నెలలు. ఆ పిల్లల్లో చాలావాటిని గద్దలు, కొంగలు, ముంగిసలు తినేస్తాయి.

పొలం ఎలుకకి చూలు మూడు వారాల చిల్లర. ఈతకి ఆరేడు పిల్లలు. మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలూ ఈనుతాయి. అంటే నాట్లప్పుడు పుట్టిన ఎలుక కోతల నాటికి తల్లి అయిపోతుంది. అందుకే ఒక పెద్ద పాముని చంపితే ఆ లోటు ఒక పంటలో పూడదు.

మనవాళ్ళలో ఇంకో నమ్మకం ఉంది, జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది అని. కాదండి. రెండు జాతుల్లోనూ ఆడా మగా ఉంటాయి. పడగ లేకుండా పెనవేసుకుని పైకి లేచే పాములు చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులే. అది కుస్తీ, జత కట్టడం కాదు. చూసి కర్ర ఎత్తకండి.

మన చేతిలో ఉన్న పనులు

• కాలవలు కట్టేశాక, సార్వాకి ముందు గట్లు చెక్కి, గడ్డి తగలబెడతాం. గుడ్ల కాలం కూడా అదే. ఒక గట్టు మూల, పొదలతో సహా, ముట్టుకోకుండా వదలండి. ఇంటికి, కళ్ళానికి దూరంగా ఉన్న మూల ఎంచుకోండి.

• నాగుల చవితికి పాలు పోసిన పుట్టనే వేసవిలో పొక్లెయిన్‌తో తవ్విస్తున్నాం. పాము పాలు తాగదు, దానికి కావాల్సింది ఆ పుట్టే.

• ఎలుకలకి విషం పెడితే, ఆ ఎలుకని తిన్న పాముకి, గుడ్లగూబకి, పిల్లికి కూడా ముప్పే. కన్నాల దగ్గర బుట్టలు పెట్టించండి. ఊళ్ళో రైతులంతా ఒకే వారంలో పెడితేనే ఫలితం.

• నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన చేలల్లోనే ఉంటాయి. రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్తే టార్చి, బూట్లు తప్పనిసరి. కాటు పడితే కొయ్యొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

పాముతో రెండో కాపు మనం పెట్టించలేం. మొదటి కాపు పాడవకుండా చూడటం మాత్రం మన పనే. మా చేలో గట్టు మూల ఎలా వదిలానో, బుట్టలు ఎక్కడ పెట్టించానో పై వీడియోలో చూడండి.