ముందు స్టేషను, తర్వాతే హోటలు

ఢిల్లీ చూడ్డానికి బయల్దేరే కుటుంబం మొదట చేసే పని, ఫోన్లో హోటళ్ల యాప్ తెరిచి ‘తక్కువ ధర ముందు’ అన్నచోట నొక్కడం. పైన కనిపించే నాలుగైదు పేర్లలో మహిపాల్‌పూర్‌ది ఒకటైనా ఉంటుంది. ఏసీ గది, తెల్లటి దుప్పటి, పదిహేను వందలు. ‘ఎయిర్‌పోర్టుకు దగ్గర’ అని రాసి ఉంటుంది. అబద్ధమేం కాదు. కాకపోతే మనం ఎయిర్‌పోర్టు చూడ్డానికి వెళ్లడం లేదు.

కాగితం మీద లెక్క వేద్దాం. మహిపాల్‌పూర్ నుంచి ఎర్రకోట ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు. నలుగురున్న కుటుంబం క్యాబ్‌లో వెళ్తే ఒక్కో ట్రిప్పుకు నాలుగు వందలు వేసుకున్నా, రానూపోనూ ఎనిమిది వందలు. పదిహేను వందల గది ఇరవై మూడు వందలైంది. ట్రాఫిక్‌లో పోయిన పూటకు బిల్లు ఎవరూ ఇవ్వరు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. అదే ఇరవై మూడు వందలు ముందే పెడితే ఊరి నడిబొడ్డున, మెట్రో పక్కనే గది వెతుక్కోవచ్చు. అద్దె అంటే యాప్‌లో కనిపించే అంకె కాదు. దానికి రోజూ అయ్యే దారిఖర్చు, దారిలో పోయే సమయం కలిపితే వచ్చేది అసలు అద్దె.

అందుకే ఢిల్లీలో హోటల్ వెతికే ముందు మెట్రో మ్యాపు తెరవాలి. 2002 డిసెంబర్‌లో మొదలైన ఆ మెట్రో ఇప్పుడు ఊరంతా అల్లుకుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, మూడు గీతలు చాలు. ఎల్లో లైను ఉత్తరం నుంచి దక్షిణానికి: చాందినీ చౌక్, న్యూఢిల్లీ, కన్నాట్ ప్లేస్ కింద ఉండే రాజీవ్ చౌక్, సెంట్రల్ సెక్రటేరియట్, కుతుబ్ మినార్. బ్లూ లైను కరోల్ బాగ్ నుంచి రాజీవ్ చౌక్ మీదుగా యమున దాటి అక్షరధామ్ వైపు పోతుంది. వయొలెట్ లైను ఎర్రకోట, జామా మసీదు, సెంట్రల్ సెక్రటేరియట్ మీదుగా లాజ్‌పత్ నగర్‌కు, అక్కణ్నుంచి లోటస్ టెంపుల్ దగ్గరి కాల్కాజీ మందిర్‌కు వెళ్తుంది. ఈ మూడింటిలో ఏదో ఒక లైను మీది స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఉన్న హోటలే మన హోటలు. ఆ పరిధి దాటిన వాటిని, పూలకుండీల ఫొటోలు ఎంత ముచ్చటగా ఉన్నా, వదిలేయడం మంచిది.

నడక అంటే నడకే. ‘కన్నాట్ ప్లేస్‌కు రెండు కిలోమీటర్లు’ అని యాప్ చెప్పే దూరం చాలాసార్లు మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత. మధ్యలో రైలు పట్టాలున్నాయా, డివైడర్ ఉందా అన్నది స్కేలుకు పట్టదు. మ్యాపులో నడిచే మనిషి బొమ్మ నొక్కి, మెట్రో గేటు దగ్గర్నుంచి హోటల్ గుమ్మం దాకా ఎన్ని నిమిషాలో చూడాలి.

ఈ తేడా బాగా తెలిసొచ్చే చోటు పహాడ్‌గంజ్. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌కు రెండు ముఖాలు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం ఉన్నది పహాడ్‌గంజ్ వైపు, పదహారో నంబరు ఉన్నది అజ్మీరీ గేట్ వైపు. చవక హోటళ్లన్నీ మొదటి వైపు. మెట్రో, ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ లైను రెండో వైపు. ‘న్యూఢిల్లీ మెట్రోకు దగ్గర’ అన్న మాట నమ్మి స్టేషన్ ఎదుట గది తీసుకుంటే, మెట్రో ఎక్కాలనుకున్న ప్రతిసారీ ఆ పదహారు ప్లాట్‌ఫారాలూ దాటాలి. అదే పహాడ్‌గంజ్ మెయిన్ బజార్ రెండో చివర, బ్లూ లైను మీది రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్ స్టేషన్ దగ్గర చూసుకుంటే ఆ బాధ లేదు. పేట ఒకటే, హోటళ్ల తీరూ ఒకటే. తేడా అంతా ఏ చివరన ఉన్నామన్న దాంట్లోనే.

రైలు దిగి పహాడ్‌గంజ్ వైపు నడుస్తుంటే ఎవరో ఒకాయన ఎదురై మీ హోటల్ మూసేశారనో, ఆ రోడ్డు బంద్ అయిందనో విచారంగా చెప్పి, ‘గవర్నమెంట్ టూరిస్ట్ ఆఫీసు’కు తీసుకెళ్తానంటాడు. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న మోసం ఇది. భారత పర్యాటక శాఖ అసలు కార్యాలయం ఉన్నది 88, జన్‌పథ్‌లో. పైగా మీ హోటల్ పేరేమిటో ఆయనకు మీరు చెప్పాకే తెలుస్తుంది. అది మూతపడిన సంగతి మాత్రం ముందే తెలుసు.

సందడి కాస్త తక్కువగా, పిల్లలతో ఉండటానికి వీలుగా ఉండాలంటే కరోల్ బాగ్ మేలు. అక్కడ బజారుకు సోమవారం సెలవు. ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్ కూడా సోమవారం తెరవరు కాబట్టి, రైలు టికెట్ తీసేటప్పుడే వారం చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు న్యూఢిల్లీలో దిగుతారు, వాళ్లకు పై రెండు పేటలూ దగ్గరే. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్‌లో ఆగిపోతుంది. ఆ రైల్లో వచ్చేవాళ్లు లాజ్‌పత్ నగర్, కైలాష్ కాలనీ వైపు గెస్ట్‌హౌస్‌లు చూసుకోవచ్చు. రెండూ వయొలెట్ లైను మీదివే. ఇక ఆంధ్రా భవన్ సంగతి. క్యాంటీన్‌లో భోజనానికి ఎవరైనా వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. గది కావాలంటే మాత్రం ఆకలి ఒక్కటే సరిపోదు, పదవో, పదవిలో ఉన్నవారి లెటరో ఉండాలి.

పేట తేలాక గది. ఈ పేటల్లో చవక గదులకు కిటికీ ఉండకపోవడం మామూలే. ఫొటోలో నిలువెత్తు కర్టెన్ కనిపిస్తుంది, కిటికీ మనం ఊహించుకుంటాం. వెళ్లి కర్టెన్ జరిపితే గోడ. ఇది గాలీ వెలుతురూ గొడవ మాత్రమే కాదు. 2019 ఫిబ్రవరిలో తెల్లవారుజామున కరోల్ బాగ్‌లోని ఒక హోటల్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. గది బయటికి తెరుచుకునే కిటికీతో ఉందా, ఉన్నది ఎన్నో అంతస్తు, దిగడానికి రెండో మెట్లదారి ఉందా అని అడగడానికి మొహమాటపడకూడదు. అడిగితే విసుక్కునే హోటల్ ఉంటే, జవాబు వచ్చేసినట్టే.

కాబట్టి డబ్బు కట్టే ముందు హోటల్‌కే ఫోన్ చేయాలి. పెద్దగా హిందీ అక్కర్లేదు. కిటికీ, లిఫ్టు, గీజరు, చెకిన్ టైము అనే నాలుగు మాటలకు దేశమంతా ఒకటే భాష. జనవరిలో వెళ్తే గీజరు ‘పొద్దున ఏడు నుంచి తొమ్మిది’ రకమా, రోజంతానా అన్నది ఏసీ కంటే ముఖ్యం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దింపేది పొద్దున్నే, చాలా హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండు దాటాక. ఈలోగా సామాను లోపల పెట్టనిస్తారా, ముందే గది ఇస్తే ఎంత తీసుకుంటారు అని తేల్చుకోవాలి. మూడో మనిషికి ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచమా, నేల మీద పరుపా అని కూడా అడగాలి. బిల్లులో రెండూ బెడ్డే.

చివరగా ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18 శాతం. యాప్‌లో మొదట కనిపించే అంకె చాలాసార్లు పన్ను కలపనిది. పోల్చేటప్పుడు చివరి పేజీలో వచ్చే మొత్తాన్నే పోల్చాలి. అదే గది హోటల్‌లో నేరుగా ఎంతకిస్తారో ఆ ఫోన్‌లోనే అడగొచ్చు, యాప్‌కు పోయే కమీషన్‌లో కొంత మనకు తగ్గించే వాళ్లూ ఉంటారు. ఉండే రాత్రులన్నింటికీ ఒకేసారి కట్టేయకుండా, డబ్బు వెనక్కొచ్చే షరతు మీద బుక్ చేసుకుంటే ఇంకా నయం. మొదటి రాత్రి గది నచ్చకపోతే, అదే మెట్రో స్టేషన్ దగ్గర ఇంకో పది హోటళ్లుంటాయి. స్టేషన్ సరిగ్గా ఎంచుకున్నవాళ్లకు హోటల్ మార్చడం గంట పని. మహిపాల్‌పూర్ నుంచైతే ఊరు మారినంత పని.