సీసామీఁది మాట – దాని విలువ



మొన్న వేసవిలో, వరుసకు నాకు పెదనాన్నగారగు ఒక వృద్ధులు నన్నుఁ బిలిపించి, బీరువాలోనుండి యొక సీసా తీసి నాచేతఁ బెట్టిరి. అమెరికాలోనున్న కుమారుఁడు పంపిన చేపనూనె గుళికలవి. "దీనిమీఁద గుండెకు మేలని వ్రాసియున్నదఁట. మనుమఁడు చదివి చెప్పినాఁడు. ఇఁక ఆ రక్తపుపోటు మాత్రలు నాకెందుకురా అబ్బాయీ?" అని యడిగిరి. అప్పటికే పదునైదు దినములనుండి వారు మాత్రలు మానివేసియుండిరి. "మాత్రలు మానవలదు, ముందు వైద్యునికడకుఁ బోదము" అని నేను వెంటనే చెప్పితిని. కాని ఆ సీసామీఁది మాటకు అర్థమేమి, దాని నెవరు వ్రాయనిచ్చిరి అను సంగతి విడమఱచి చెప్పుటకు మఱునాఁడు సగము దినము పట్టినది. ఆ సంగతినే నేఁడు మీకు మనవి చేయుచున్నాను.

విటమినులు, ఖనిజములు, మూలికలు, చేపనూనె మొదలగువానిని గుళికలుగాను పొడులుగాను చేసి యమ్ము సరకులకు ఆహారపూరకములని పేరు. అమెరికాలో 1994లో చేసిన శాసనము వీనిని ఔషధములలోఁ గాక ఆహారములలోఁ జేర్చినది. ఈ భేదము చిన్నది కాదు. క్రొత్త ఔషధము నమ్మఁదలఁచినవాఁడు, అది రోగమును గుదుర్చునని అచ్చటి ఆహార ఔషధ పరిపాలక సంస్థకు ముందుగా ఋజువు చూపవలెను. ఆహారపూరకము నమ్మువానికి అట్టి నిర్బంధము లేదు. సరకు ముందు బజారునకు వచ్చును; తప్పు కనఁబడినచో విచారణ తరువాత జరుగును.

అట్లయిన సీసామీఁద ఎవని కిష్టము వచ్చినట్లు వాఁడు వ్రాసికొనవచ్చునా? వ్రాయరాదు. సరకు గుణమును జెప్పు వాక్యములను ఆ దేశపు శాసనములు ముఖ్యముగా మూఁడు తెగలుగా విభజించినవి.

మొదటిది పోషకప్రమాణవాక్యము. ఇందులో ఏ ద్రవ్యము ఎంత యున్నదో మాత్రమే చెప్పుదురు. "విటమిన్ సి అధికము" అని వ్రాయవలెనన్న, ఒక మోతాదులో దినమునకు వలసిన దానిలో నూటికి 20 వంతులైన నుండవలెను. దినమునకు 90 మిల్లీగ్రాములని యచ్చట నిర్ణయించిరి గనుక, 18 మిల్లీగ్రాములకుఁ దక్కువ యుండరాదు. ఇది కొలిచి చూడఁదగిన మాట.

రెండవది రోగాపాయవాక్యము. ఫలాని ద్రవ్యము ఫలాని రోగము వచ్చు అపాయమును దగ్గించునని చెప్పునది. దీనిని వ్రాయుటకు శాస్త్రప్రమాణమును ప్రభుత్వము ముందుగాఁ బరిశీలింపవలెను. ఫోలిక్ ఆమ్లమును గూర్చి 1996లో అనుమతించిన వాక్య మిట్టిది. గర్భిణులు కాఁగల స్త్రీలకు ఈ ద్రవ్యము చాలినంత లభించినచో, పుట్టు శిశువులకు మెదడు, వెన్నుపాముల లోపము కలుగు అపాయము తగ్గవచ్చునని దాని భావము. అంతకు ముందే, 1991లో వెలువడిన యొక పెద్ద పరీక్షలో, మునుపు అట్టి శిశువును గన్న తల్లులయందు ఈ లోపము నూటికి 72 వంతులు తగ్గినట్లు తేలినది. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో రసాయనశాలలో నిర్మించిన పరిశోధకబృందమునకు నాయకులు మన భీమవరమునఁ బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సీసామీఁది మాట వెనుక ఎంతటి శ్రమయు, ఎంతటి ప్రమాణమును గలవో దీనివలన గ్రహింపవచ్చును.

ఈ రెండవ తెగలోనే యొక మెట్టు దిగువవాక్యము కూడఁ గలదు. 1999లో ఒక న్యాయస్థానపు తీర్పు వచ్చిన పిమ్మట, ప్రమాణము సంపూర్ణముగా లేకున్నను, ఆ కొఱఁతను స్పష్టముగాఁ జెప్పుచు వ్రాయుట కనుమతి యిచ్చుచున్నారు. చేపనూనెలోని ఒమేగా-3 క్రొవ్వులను గూర్చి 2004లో ఇట్టి వాక్యము నంగీకరించిరి. పరిశోధనలు అనుకూలముగా నున్నవి గాని నిశ్చయాత్మకములు కావని అందులోనే చెప్పవలెను.

మూఁడవది దేహధర్మవాక్యము. "ఎముకల బలమును నిలుపును", "గుండె యారోగ్యమునకుఁ దోడ్పడును" అనునట్టివి. ఇవి రోగము పేరెత్తవు. దేహముయొక్క సహజమైన పనిని మాత్రము పేర్కొనును. వీనికి ప్రభుత్వపు ముందస్తు అనుమతి యక్కఱలేదు. వాక్యము సత్యమనుటకుఁ దగిన యాధారము అమ్మువానికడ నుండవలెను; సరకు బజారునకు వచ్చిన 30 దినములలోపల ఆ వాక్యమును ప్రభుత్వమునకుఁ దెలుపవలెను; మఱియు, ఈ వాక్యమును ప్రభుత్వము పరీక్షింపలేదనియు, ఈ సరకు ఏ రోగమును గుర్తించుటకుఁ గాని, కుదుర్చుటకుఁ గాని, రాకుండఁ జేయుటకుఁ గాని ఉద్దేశింపఁబడలేదనియు సీసామీఁదనే యచ్చువేయవలెను. పెద్ద యక్షరముల వాక్యము ప్రక్కను ఒక నక్షత్రపు గుర్తుండును. దాని యర్థము అడుగున నుండు చిన్న యక్షరములలో దొరకును. పెదనాన్నగారికి మనుమఁడు పెద్ద యక్షరములు చదివి చెప్పెను గాని నక్షత్రమును వెంబడింపలేదు.

ఇఁక పరిశోధకులు చేయు పని యేమో చెప్పెదను. ఒక్కొక్క సీసాను జూచి, ఇది మంచిది, ఇది చెడ్డది యనినఁ బ్రయోజనము లేదు. వేలకొలఁది సీసాల చీటీలను ఒక్కచోటఁ జేర్చి, వానిపై వాక్యములను తెగలుగా వేఱుపఱచినప్పుడే, బజారంతయు జనులతో నేమి చెప్పుచున్నదో తెలియును. ఇందుకై అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వారు ఆహారపూరకముల చీటీల భాండారము నొకదానిని 2013లో ప్రజల కందుబాటులోనికిఁ దెచ్చిరి. అందు సరకులోని ద్రవ్యములు, మోతాదు, రూపము, వాక్యముల తెగ మొదలగునవి నమోదై యుండును. ఇప్పుడు బజారులో లేని సరకుల చీటీలు సైతము అందు భద్రపఱచియున్నారు.

వేఱుపఱచుట సులభమని తోఁచును గాని కాదు. "కొలెస్టరాలును దగ్గించును" అనినచో అది రోగమును గూర్చిన మాట. "ఇదివఱకే సరిగా నున్న కొలెస్టరాలును ఆ స్థితిలోనే నిలుపును" అనినచో దేహధర్మవాక్యము. వార్ధక్యమున సహజముగాఁ గలుగు కొద్దిపాటి మఱపును గూర్చి చెప్పవచ్చును. మతి పూర్తిగాఁ దప్పు వ్యాధి పేరు చెప్పరాదు. 2000 సంవత్సరమునఁ జేసిన నియమములు ఈ సరిహద్దును నిర్ణయించినవి. సరకు పేరు, చీటిమీఁది చిత్రము కూడ రోగమును సూచించినచో లెక్కకు వచ్చును. అందుచే పరిశోధకులు వాక్యమును సంగ్రహింపక ఉన్నది ఉన్నట్లు వ్రాసికొందురు. ఇరువురు వేఱువేఱుగాఁ జదివి తెగ నిర్ణయింతురు. పిదప పోల్చిచూచి, భేదించినచోట నియమమును మరలఁ జదివి, అవసరమైన మూఁడవవాని యభిప్రాయము గొందురు. ఊరిలో భూమి హద్దులు ఇరుపక్షముల పెద్దలయెదుట కొలుచుటవంటిదే యిది.

ఇట్టి పని ఫలమునకు చేపనూనెయే మంచి యుదాహరణము. 2023లో వెలువడిన యొక పరిశోధనలో ఆ భాండారమునుండియే 2,819 చేపనూనె సరకుల చీటీలను జదివిరి. వానిలో 2,082 సీసాలపై ఏదో యొక యారోగ్యవాక్య ముండెను. ఆ 2,082లో ప్రభుత్వము పరిశీలించి యంగీకరించిన వాక్యమును వాడినవి 399 మాత్రమే. తక్కిన 1,683 సీసాలపై నున్నవి దేహధర్మవాక్యములే. వానిలోను గుండెను గూర్చినవే అధికము. అనఁగా ఐదు సీసాలలో నాలుగు ముందుగా నెవరును పరీక్షింపని మాటనే చెప్పుచున్నవి. అబద్ధమాడుచున్నవని నేననుట లేదు. విని, ఎక్కువ యర్థము చేసికొనుట మనకు సులభమగునట్లు మాటలాడుచున్నవి. అంతకుముందు, 2012లో ప్రభుత్వ తనిఖీ యధికారులు, బరువు తగ్గించుటకును రోగనిరోధకశక్తికిని అమ్ము 127 సరకులను జూచినప్పుడు, నూటికి 20 సీసాలపై నిషిద్ధమైన రోగవాక్యములే యుండెనని తెలిపిరి.

చేపనూనె గుండెను గాపాడునా యను ప్రశ్నకు వేఱే పరీక్షలు జరిగినవి. అమెరికాలో 25,871 మందితో అయిదేండ్లకుఁ బైగా జరిపి 2018లో వెల్లడించిన పరీక్షలో, దినమునకు ఒక గ్రాము పుచ్చుకొన్నవారికి గుండెపోటు, పక్షవాతము మొదలగు పెనుకీడుల మొత్తము చెప్పుకోఁదగినంతగాఁ దగ్గలేదు. వైద్యులు కొందఱు రోగులకు పెద్ద మోతాదున వ్రాసి యిచ్చు మందు వేఱు. దానిని సీసాతోఁ గలపరాదు.

మన దేశమునను 2016లో చేసిన నియమముల ప్రకారము, ఆరోగ్యపూరకముల చీటిపై ఇది ఔషధప్రయోజనమునకుఁ గాదను మాట యుండవలెను. ఆంగ్లమున "నాట్ ఫర్ మెడిసినల్ యూస్" అని కనఁబడును. ఈ నాలుగు మాటలు మీ యింట చదువుకొన్న పిల్లలచేత వెదకించుఁడు.

పెద్దలారా, సీసా చేతికి వచ్చినప్పుడు మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు. ఈ వాక్యము కొలతను జెప్పుచున్నదా, రోగమును జెప్పుచున్నదా, కేవలము "తోడ్పడును" అనుచున్నదా? ప్రక్కను నక్షత్ర మున్నదా, ఉన్నచో అడుగున నేమి వ్రాసిరి? నేను వాడు మందులతో దీనిని గలిపి పుచ్చుకొనవచ్చునా? ఈ మూఁడవదానికి ఉత్తరము సీసామీఁద దొరకదు; మీ వైద్యుఁడే చెప్పవలెను.

ఆ మఱునాఁడు పెదనాన్నగారు నాతోఁ గూడ వైద్యునికడకు వచ్చిరి. పోటు మిక్కిలి పెరిగియుండెను. మాత్రలు మరల మొదలుపెట్టిరి. తిరిగి వచ్చునప్పుడు, "కొడుకు ప్రేమతోఁ బంపినాఁడు గదా, పాఱవేయుటకు మనసొప్పదు" అనిరి. నేను, "పాఱవేయ నక్కఱలేదు, వైద్యులు వాడవచ్చునన్నారు గనుక ఆహారముగాఁ బుచ్చుకొనుఁడు, మందుగా మాత్రము నమ్మకుఁడు" అంటిని. మీకును నా మనవి యింతే.

సెలవు.